వెనక సీటు ఎడమ మూల

సీట్లమ్మ దుకాణం ఎక్కడని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. కార్ల సీట్లకు తొడుగులు కుట్టడం ఆమె పని. భర్త పోయిన నెలకే ఆయన మిషను ముందు కూర్చున్న మనిషి, ముప్పై ఏళ్లయినా అక్కడినుంచి లేవలేదు. అసలు పేరు వీధి ఎప్పుడో మరిచిపోయింది. ఎవరో తమాషాకి సీట్లమ్మ అన్నారు. అదేదో దేవత పేరులా ఉందని ఆమె కూడా నవ్వి ఊరుకుంది. అంతే, అతుక్కుపోయింది.

దుకాణం వెనక ఒక్క గది, అందులోనే ఆమె కాపురం. ఒక్కతే కూతురు. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆరేళ్ల పాప. అల్లుడిది ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసే ఉద్యోగం. గొంతు పెంచే మనిషి కాదు. అరిచే మగవాళ్లను సీట్లమ్మ చాలామందిని చూసింది. వాళ్లు అరిచి అరిచి అలసిపోతారు. ఈయన అలసిపోయే రకం కాదు. ఒకసారి కూతురి చెయ్యి తగిలి బీరువా అద్దం పగిలితే నలభై రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా పాపను పిలిచి, "మీ అమ్మకి చెప్పు" అనేవాడు. నలభై ఒకటో రోజు పొద్దున ఏమీ జరగనట్టు టీ అడిగాడు. ఆ నలభై రోజుల్లో కూతురు ఆరు కిలోలు తగ్గింది.

అతనికి ప్రాణమంతా కారు మీదే. పొద్దున్నే లేచి మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. కవరు కప్పితే రంగు మీద గీతలు పడతాయని ఇంటిముందు వాలులో, ముక్కు కిందికి పెట్టి, అలాగే నిలిపేవాడు. అతను ఊళ్లో లేనప్పుడు పాపను బడికి దింపడానికి కూతురు నడిపేది. ఊరినుంచి తిరిగొచ్చాక అతను కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెప్పులు విప్పేవాడు.

ఆదివారాలు సీట్లమ్మను కూడా ఎక్కించుకుని ఎటో ఒకవైపు వెళ్లేవాళ్లు. వానలు మొదలైన వారానికి అతని అక్కగారింటికి బయలుదేరారు. సీట్లమ్మ ఎప్పటిలాగే వెనక ఎడమవైపు కూర్చుంది. దారిలో రెండుసార్లు దగ్గు వచ్చింది. గుమ్మం దగ్గర దిగి నాలుగడుగులు వేసిందో లేదో, అల్లుడు పిలిచాడు.

"అత్తయ్యా, ఒకసారి ఇలా వస్తారా."

వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. సీటు మీద ఆమె కూర్చున్న మేరకు తడి. బూడిదరంగు గుడ్డ మీద నల్లగా, అచ్చు పోసినట్టు ఉంది. ఆమె చెయ్యి వెనక్కి పోయింది. బట్టలు కూడా తడిగానే తగిలాయి. అప్పటికే అక్కగారు, ఆవిడ భర్త గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు.

"ఫర్వాలేదు, వయసు" అన్నాడు అల్లుడు, మెల్లగా, అందరికీ వినిపించేలా. "ముందే చెబితే ఎక్కడైనా ఆపేవాణ్ని కదా."

సీట్లమ్మకు తల తీసేసినట్టయింది. కాదని గట్టిగా అనలేకపోయింది. కూతురు పుట్టినప్పటినుంచి పెద్దగా దగ్గినా తుమ్మినా ఆమెకు ఒక చుక్క జారడం ఉంది. ఎవరికీ చెప్పుకున్న సంగతి కాదు. ఇవాళ రెండుసార్లు దగ్గింది కూడా. ఒక చుక్క ఇంత అవుతుందా అని లోపల లెక్కవేసుకుంటూ, అక్కగారి పాత బట్టలు కట్టుకుని, ఆ రోజంతా చెక్క కుర్చీలోనే కూర్చుంది. గుడ్డ పరిచిన కుర్చీ ఎవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ అంతే. ఈసారి దగ్గలేదు, తుమ్మలేదు. బయలుదేరేముందు రెండుసార్లు బాత్రూముకు వెళ్లొచ్చింది కూడా. దిగేసరికి తడి. మూడోసారి, ఆమె ఎక్కబోతుంటే అల్లుడు ఆపి, సీటును అరచేత్తో తడిమి చూశాడు. పెళ్లాం చేత, పాప చేత కూడా తడిమించాడు.

"పొడిగా ఉందా?"

"ఉంది నాన్నా."

దిగాక మళ్లీ తను తడిమి, వాళ్లిద్దరి చేతా తడిమించాడు. పాప చెయ్యి వెనక్కి లాక్కుని గౌనుకు తుడుచుకుంది.

"ఎక్కేముందు పొడి. దిగాక తడి. మధ్యలో కూర్చున్నది మీరు" అన్నాడు. "నేను కొత్తగా చెప్పేదేముంది అత్తయ్యా, మీరే చెప్పండి."

సీట్లమ్మ కూతురి మొహంలోకి చూసింది. కూతురు పాప చెప్పు పట్టీ సరిచేస్తూ వంగింది, పట్టీ సరిగ్గానే ఉంది.

నాలుగోసారికి అక్కగారి కుటుంబం వీళ్లింటికి వచ్చింది. అందరూ కలిసి షికారు వెళ్దామన్నారు. బయలుదేరే ముందు అల్లుడు లోపలినుంచి పెద్దవాళ్ల డైపర్ల ప్యాకెట్టు ఒకటి తెచ్చి, హాల్లో అందరి మధ్యా అత్తగారి ఒళ్లో పెట్టాడు. ఏ సైజో తెలియక మధ్యరకం తెచ్చానన్నాడు. అక్కగారు గోడకేసి తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. కూతురు తల్లిని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్లింది.

"కట్టుకో అమ్మా. గొడవ వద్దు."

"నేను కాదే. నామీద ఒట్టు."

"కట్టుకోమన్నానా. అందరూ వెయిట్ చేస్తున్నారు."

ఆమె కట్టుకోలేదు. నడుము నొప్పిగా ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాతి ఆదివారం అల్లుడు సీటు మీద దళసరి ప్లాస్టిక్ పరిచి ఎక్కమన్నాడు. దిగాక సీట్లమ్మ ఆ ప్లాస్టిక్‌ను తన చేత్తోనే ఎత్తింది. పైన పొడి. కింద, సీటు వైపు, నీళ్ల బొట్లు.

ముప్పై ఏళ్లు సీట్లతో బతికిన మనిషి, అప్పటిదాకా సిగ్గుతో చచ్చి ఆ సీటును సీటులా చూడలేదు. ఇప్పుడు చూసింది. పైనుంచి పడిన తడి అయితే ప్లాస్టిక్ పైన ఉండాలి. ఇది కిందినుంచి వచ్చింది.

"బాబూ, ఇటు చూడండి. పైన పొడి, కింద తడి. ఇది వాన నీళ్లు. కారులోకే ఎక్కడినుంచో దిగుతున్నాయి."

అల్లుడు చూశాడు. "అంచుల్నుంచి కారి కిందికి పోయింది" అన్నాడు. "నా కారుకి లీకు లేదు అత్తయ్యా. ఉన్న లీకు ఎక్కడో నాకు తెలుసు."

పాప కిసుక్కున నవ్వింది. తండ్రి నవ్వుతున్నాడని నవ్విందే గాని దానికేమీ అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే కారును దుకాణం ముందు ఆపి, తాళం చెవి మిషను మీద పెట్టాడు. "వెనక సీటు విప్పి ఉతకండి. లోపల ఫోము కూడా మార్చండి. వాసన భరించలేకపోతున్నాను. మీరు చేసిందే కదా, ఇంకొకడి చేత కడిగించడం న్యాయం కాదు. సాయంత్రం వస్తాను" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

సీట్లమ్మ షట్టరు సగం దించి పని మొదలుపెట్టింది. వెనక సీటు అడుగుభాగం ముందంచు కింద చేతులు పెట్టి పైకి గుంజితే రెండు క్లిప్పులు ఊడి వచ్చేసింది. తిరగేసి చూసింది. ఫోము ఎడమ మూల అడుగునుంచి పీల్చుకుని గోధుమరంగుకు తిరిగింది. లోపలి తీగె ఆ మూలే తుప్పు పట్టింది. కుడివైపు కొత్తదానిలా తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మట్టి, నాచు, నానిన గోనె. మనిషి వాసన కాదు. అరచేత్తో నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తన బరువంతా వేసి నొక్కితే గుడ్డ పైకి నీళ్లు ఊరి, చెయ్యి తీయగానే తడి అలాగే నిలిచిపోయింది.

అదీ సంగతి. రాత్రంతా వానకు తాగిన ఫోము పైకి ఏమీ చెప్పదు. మనిషి కూర్చుంటేనే కక్కుతుంది. అరచేత్తో ఎన్నిసార్లు తడిమితే మాత్రం ఏం తెలుస్తుంది?

ఆమె అక్కడే, కారు పక్కన గచ్చు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తను కాదని తనకే ఇవాళ తెలిసింది. నెలన్నరగా రాత్రిళ్లు ఒంటిని తడుముకుంటూ పడుకుంటున్న మనిషి మరి.

తర్వాత లేచి పక్క దుకాణం పంక్చరాయన్ని పిలిచింది. "తమ్ముడూ, ఒక గంట గొట్టం పట్టుకోవాలి."

"కడగాలా అక్కా?"

"కడగడం కాదు. వాన కురిపించాలి."

వెనక చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టించి, ఇంటిముందు వాలులోలాగే కారు ముక్కు కిందికి చేసి, డిక్కీ ఖాళీ చేసి, పక్క అట్టలు ఊడదీసి, లోపల ఇనుమంతా పొడిగుడ్డతో తుడిచి, గుడ్డమీద గీతలు గీసే సుద్దను పొడికొట్టి చక్రం గూటి మీద, అంచుల వెంట, సీటు కింద పలచగా చల్లింది. నీళ్లు ఏ దారిన వచ్చినా సుద్ద మీద చార పడుతుంది. తను టార్చి పట్టుకుని డిక్కీలోకి దూరి మోకాళ్ల మీద కూర్చుంది. బయట పంక్చరాయన ఆమె చెప్పినట్టు కిందినుంచి పైకి పోయాడు. మొదట తలుపు అడుగు, పదినిమిషాలు. సుద్ద పొడిగానే ఉంది. కిటికీ రబ్బరు. ఏమీ లేదు. వెనక అద్దం చుట్టూ. ఏమీ లేదు. వంగి వంగి ఆమె మెడ పట్టేసింది. "ఇంక వెనక లైటు మీద పొయ్యి, ఎడమది" అంది.

గొట్టం అక్కడ పెట్టిన నిమిషానికే లైటు వెనక ఇనుప అంచు మీద ఒక బొట్టు మెరిసింది. దానివెనక ఇంకొకటి. రెండూ కలిసి చక్రం గూటి మీదుగా, ఇంటిముందు వాలులో ఎటు పోతాయో అటే, ముందుకు పాకి, సీటు వీపు బిగించిన కీలు దగ్గర ఆగి, సరిగ్గా ఎడమ మూలలోకి టప్పున రాలాయి. సుద్దలో దారంత చార పడింది.

"దొరికిందా అక్కా?"

"దొరికింది."

లైటు విప్పింది. విప్పగానే చేతిలోని పని ఆగిపోయింది. లైటు చుట్టూ ఉండాల్సిన స్పాంజి పట్టీ ఒకచోట మడతపడి నలిగి ఉంది. లైటు కూర్చునే రేకు అంచు లోపలికి వంగి, దానిమీద లప్పం రాసి రంగు పూశారు. గూటి అడుగున గోరంత ఎర్ర ప్లాస్టిక్ పెచ్చు. లైటు తిప్పి చూస్తే వీపు మీద తెల్ల మార్కరుతో రాసిన అంకె. పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే చోట ప్రతి భాగం మీదా అలా రాస్తారు. కారు వెనక ఎడమ మూల దేనికో గుద్దుకుంది. పాత లైటొకటి తెచ్చి, హడావుడిగా బిగించి, ఎవరికీ తెలియకుండా పూడ్చేశారు.

అల్లుడైతే ఇంత గుట్టుగా చెయ్యడు. గుద్దినవాణ్ని ఈపాటికి వీధిన పడేసేవాడు.

ఆమె కూతురికి ఫోను చేసింది. "పాపను తీసుకురావడానికి వెళ్లేముందు ఒకసారి రా."

కూతురు వచ్చింది. విప్పిన లైటు మిషను మీద చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎప్పుడు?" అంది తల్లి.

"వానలకి ముందు. ఆయన క్యాంపులో ఉన్నారు. బడి దగ్గర వెనక్కి తీస్తుంటే స్తంభం." కూతురు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "పొరపాటమ్మా. ఒక్క నిమిషం పొరపాటు."

"అది అడగలేదు. నీళ్లు దీన్నుంచి వస్తున్నాయని నీకెప్పుడు తెలిసింది?"

కూతురు వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది.

"మొదటిసారేనా?"

"మొదటిసారి తెలీదు. రెండోసారి, మీరందరూ లోపలికెళ్లాక డిక్కీ ఎత్తి చూశాను. లోపల అట్ట తడిగా ఉంది."

"ఆ తర్వాత మూడోసారి సీటు తడిమావు. డైపరు కట్టుకోమన్నావు."

"మరి ఏం చెయ్యమంటావు?" కూతురు గొంతు ఒక్కసారి గట్టిపడింది. "చెప్పి మళ్లీ నలభై రోజులు చావమంటావా? ఈసారి నలభైతో ఆగదు, నీకూ తెలుసు. నీకేం పోయింది? పెద్దదానివి, వయసు అనుకుంటారు. రెండ్రోజులు నవ్వి మర్చిపోతారు. నేను ఆ మనిషితో బతకాలి. నువ్వు ఒక్కదానివి ఉంటావు, నీకు అడిగేవాడెవడు?"

ముప్పై ఏళ్లు సూది పొడిచిన వేళ్లు మిషను బల్లమీద కదలకుండా ఉన్నాయి.

"బాగుచేస్తాను, పో" అంది చివరికి. "పాపకి టైమవుతోంది."

"ఆయనకి చెప్పవుగా?"

"పొమ్మన్నానా."

కూతురు వెళ్లకుండా గోడకానుకుని కాసేపు చూసింది. తల్లి వంగిన రేకును చెక్కదిమ్మ ఆసరా పెట్టి సుత్తితో తట్టి నిఠారు చేసింది. పాత పట్టీ గీకేసి, కొత్త స్పాంజి పట్టీ కొలిచి కోసి, నల్ల సీలెంటు జిగురు దారంలా సమంగా పోసి, లైటు బిగించింది. పంక్చరాయన అరగంట నీళ్లు కొట్టాడు. సుద్ద మీద ఒక్క బొట్టు లేదు. కొత్త ఫోము పెట్టి, ఉతికి ఆరేసిన తొడుగు కుట్టి, సాయంత్రానికి అల్లుడికి తాళం చెవి ఇచ్చింది. కారు లీకు సంగతి అల్లుడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం కూతురు ముందే వచ్చి బతిమాలింది. ఒక్కసారి ఆ డైపరు కట్టుకుని ఎక్కితే ఆయన మనసు కుదుటపడుతుందని, ఇక ఈ మాట ఎత్తరని. సీట్లమ్మ కట్టుకుంది. ఎందుకు ఒప్పుకుందో తర్వాత ఆమెకే తెలియలేదు. దారంతా కుండపోత. అక్కగారింటి ముందు దిగాక అల్లుడు సీటు తడిమాడు. పొడి. రుమాలు అద్ది చూశాడు. పొడి.

ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అతను ఎన్నడూ లేనంత ఉత్సాహంగా ఉన్నాడు. ఎలా పరీక్షించిందీ, ఎలా పట్టుకున్నదీ వరసగా చెప్పాడు. "ఈవిడేమో కారుకి లీకు, కారుకి లీకు అని ఒకటే గోల. ఇవాళ చూశారుగా, ఎంత వాన. సీటుకి కాదు లీకు, సీట్లమ్మకి."

బల్ల చుట్టూ అందరూ పడీపడీ నవ్వారు. సీట్లమ్మ కంచంలో చెయ్యి ఆపి కూతురికేసి చూసింది. కూతురు నవ్వుతోంది. అల్లుడు చూస్తున్నాడని మర్యాదకు నవ్వే నవ్వు కాదు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా, గండం గడిచిన మనిషి నవ్వే నవ్వు.

సీట్లమ్మ కంచంలో మెతుకు మిగల్చకుండా తిని లేచింది. మనసులో ఏదో గట్టిగా, చల్లగా కూర్చుంది.

పదిరోజుల తర్వాత ముందు సీటు అంచు కుట్టు ఊడిందని అల్లుడు కారు తెచ్చి వదిలాడు. పావుగంట పని. మిగతా సమయంలో ఆమె ఎడమ లైటు విప్పింది. తను వేసిన పట్టీలోంచి కత్తెరతో చిటికెనవేలంత ముక్క కోసి తీసింది. సీలెంటు అక్కడ గీకింది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎంత కోస్తే ఎంత దిగుతుందో ఆ చేతికి తెలుసు.

"ఇకనుంచి నేను కారెక్కను బాబూ" అంది తాళం చెవి ఇస్తూ. "మీరు వెళ్లిరండి."

"మీ ఇష్టం" అన్నాడు. సంతోషమే అతనికి.

ఆమె ఎదురుచూసింది. ఖాళీ సీటు తడిస్తే ఎవర్నంటాడు? కారును ఎక్కడికో తీసుకెళ్తాడు, ఎవడో లైటు విప్పుతాడు, ఇది గుద్దిన బండి కదండీ అంటాడు. అప్పుడు కూతురు ఎలా నవ్వుతుందో చూడాలి. వాన పడ్డ ప్రతిరోజూ మిషను తొక్కుతూ అదే తలుచుకుంది. తలుచుకుంటే హాయిగా ఉండేది, దాచిపెట్టుకోవడం ఎందుకు.

ఆమె ఆలోచించనిది ఒకటే. ఆ ఎడమ కిటికీ మీద పాపకు ఎప్పటినుంచో కన్ను. అటువైపైతే బడి, బొమ్మల కొట్టు, చేపల తొట్టి పెట్టిన దుకాణం కనిపిస్తాయి. అమ్మమ్మ రావడం మానేసిన మొదటి ఆదివారమే పాప అక్కడికి చోటు మార్చుకుంది.

ఒక శనివారం పగలు కారు వచ్చి దుకాణం ముందు ఆగింది. అల్లుడు దిగి, వెనకనుంచి పాపను దింపి, చెయ్యిపట్టుకుని లోపలికి తెచ్చాడు. కూతురు ముందు సీట్లోనే ఉండిపోయింది, అద్దం పైకి ఉంది.

"ఇంత కొలతలో ఒక రెగ్జిన్ దిండు కావాలి అత్తయ్యా" అన్నాడు. "ఇది కూర్చోడానికి. మీ పోలికే వచ్చింది."

పాప తల దించుకుని ఉంది. రెండు చేతులతో గౌను వెనక పట్టుకుంది.

"అమ్మమ్మకి చెప్పు, ఏం చేస్తున్నావో."

పాప గౌనును ఇంకా గట్టిగా లాగి పట్టుకుంది.

"పదిరోజులనుంచి ఏం చేస్తున్నావో, బళ్లో చెప్పినట్టే చెప్పు. టీచరుకి చెప్పావుగా."

"నేను కారులో పోసుకుంటున్నాను" అంది పాప. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఇంక పోసుకోను."

సీట్లమ్మ మిషను పట్టుకుని నిలబడింది. అద్దం అవతల కూతురు ఎదురుగా రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు తలుపు తెరుచుకుంటుంది, అని సీట్లమ్మ చూసింది. అల్లుడు గోడమీది రెగ్జిన్ రంగులు చూస్తున్నాడు. కారు తలుపు తెరుచుకోలేదు.

"పాప కాదు" అంది సీట్లమ్మ. "నేనూ కాదు."

స్క్రూడ్రైవరు తీసుకుని బయటికి నడిచింది. డిక్కీ ఎత్తి, లైటు విప్పి, అతని చేతిలో పెట్టింది. వంగి నిఠారైన రేకు, లప్పం, పట్టీలోని ఖాళీ, వెనకున్న తెల్ల అంకె, ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించింది. నీళ్లు ఎటు పోతాయో, ఫోము ఎలా తాగుతుందో, మనిషి కూర్చుంటే ఎలా పైకి ఊరుతుందో చెప్పింది. అతను మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, ముందువైపు వెళ్లి అద్దం మీద వేలితో తట్టాడు. అద్దం దిగింది.

"ఎప్పుడు?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"వానలకి ముందు" అంది కూతురు.

"దిగు."

దిగింది. అతను వెనక్కి వచ్చి అత్తగారి ముందు నిలబడ్డాడు. "మీకెప్పట్నుంచి తెలుసు?"

"సీటు ఉతకమని తెచ్చారే, ఆ రోజునుంచి."

"అంటే, కట్టుకుని వచ్చిన రోజు కూడా తెలుసు."

"తెలుసు."

అతను నవ్వాడు. "బావుంది. తల్లికి తగ్గ కూతురు, కూతురికి తగ్గ తల్లి. ఇది బిగించండి."

ఆమె కొత్త పట్టీ వేసి బిగించింది. అతను పక్కనే నిలబడి చూశాడు. క్షమించమని ఆమెతో అనలేదు, పాపతోనూ అనలేదు. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. కూతురు కాలిబాట మీద, చేతిలో సంచీ కూడా లేకుండా మిగిలింది.

"నువ్వు బాగుచేసిన రోజు నేను ఇక్కడే నిలబడి చూశాను" అంది కూతురు. "నీ చేత్తో వేసిన పట్టీ నెలకి ఊడదు."

సీట్లమ్మ సీలెంటు అంటిన వేళ్లు గుడ్డకు తుడుచుకుంటోంది.

"కోసేశావు కదా. నామీద కోపంతో. అది పాప మీద పడుతుందని తెలుసా?"

"తెలీదు" అంది తల్లి. "నీకు తెలుసు. పదిరోజులు తెలుసు. బళ్లో టీచరు ముందు దాన్ని నిలబెట్టినప్పుడు కూడా తెలుసు. అప్పుడైనా ఎందుకు నోరు విప్పలేదే?"

కూతురు నడుచుకుంటూ ఇంటిదారి పట్టింది. పోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు. ఇక్కడ ఉండిపో అని తల్లి అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, ఆ భోజనాల బల్ల దగ్గరి నవ్వు గుర్తొచ్చి గొంతులోనే ఆగిపోయింది.

ఆ తర్వాత నలభై రోజులు గడిచాయి, ఎనభై గడిచాయి. అల్లుడు పెళ్లాంతో మాట్లాడటం లేదని కూతురింటి పనమ్మాయి ద్వారా తెలిసింది. కారు తాళం చెవులు రెండూ అతని దగ్గరే ఉంటున్నాయట. ఎక్కడికైనా వెళ్తే పెళ్లాన్ని వెనక ఎడమవైపు కూర్చోబెట్టి, పాపను ముందు కూర్చోబెట్టుకుంటున్నాడట. కూతురు తల్లి దుకాణం గడప తొక్కడం మానేసింది. పట్టీ ముక్క సంగతి అతనితో చెప్పిందో లేదో సీట్లమ్మకు తెలియదు. చెప్పలేదనే అనుకుంటుంది. చెప్పడానికి అతను ఆమెతో మాట్లాడాలి కదా.

పాపను మాత్రం శనివారాలు పంపిస్తున్నారు. బొద్దుగా ఉండే పిల్ల చిక్కిపోయింది. ఇప్పుడు నిజంగానే పక్క తడుపుతోందని, రాత్రి రెండుసార్లు దానంతట అదే లేచి దుప్పటి ఉతకబోతుందని ఆ పనమ్మాయే చెప్పింది.

మొన్న శనివారం సీట్లమ్మ దానికి చిన్న ముక్కలతో బొమ్మసంచీ కుట్టి ఇచ్చింది. తీసుకోవడానికి పాప స్టూలు మీదినుంచి లేచింది. సంచీ వంక చూడలేదు. ముందు వెనక్కి తిరిగి, వంగి, తను కూర్చున్న చోటును అరచేత్తో తడిమింది. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పొడిగానే ఉంది తల్లీ" అంది సీట్లమ్మ.

పాప ఆమెకేసి చూసింది. నమ్మలేదు.

"నువ్వు కూడా ముట్టుకుని చెప్పు" అంది.

సీట్లమ్మ మిషను దగ్గరనుంచి లేచి వచ్చి, ఆ స్టూలు మీద చెయ్యి పెట్టింది.